వెలుతురుకు పెడితే షీటు మబ్బులు మబ్బులుగా ఉంది: బీటర్ ఇంకా తిప్పాలా, పటిక తగ్గించాలా?

మీరు అడిగింది ఇది: జడ్చర్ల దగ్గర చేతి కాగితం యూనిట్ నడుపుతున్నారు. పత్తి బట్ట కటింగ్స్‌తో పెళ్లి కార్డులకు 120 జీఎస్ఎం (చదరపు మీటరుకు 120 గ్రాముల) షీట్లు తీస్తున్నారు. బల్ల మీద బాగానే కనిపించే షీటు కిటికీకి అడ్డం పెడితే మబ్బు పట్టినట్టు ఉంటోంది. రంగు సమంగా పడడం లేదని ప్రింటింగ్ వాళ్లు వెనక్కి పంపుతున్నారు. బట్టను నీళ్లలో కోసి నలిపే బీటర్ ఇంకో రెండు గంటలు తిప్పాలా, లేక పటిక ఎక్కువై పల్ప్ (పీచు గుజ్జు) విరిగిపోతోందా అన్నది మీ అనుమానం. యూనివ్యాట్‌లో (జాలి ఫ్రేమును నీళ్లలో ముంచి, పల్ప్ పోసి, ఎత్తి షీటు తీసే తొట్టి) జాలి మీద రెండంగుళాల నీళ్లు పెడుతున్నామని కూడా రాశారు.

సూటిగా చెప్తాను. మీది ఎక్కువగా నీళ్ల సమస్య, పీచు పొడవు సమస్య. పటిక పాత్ర ఉన్నా అది తర్వాతి మాట. ఆ పొడవున్న పీచుకు మీరు ఇస్తున్న నీళ్లు చాలవు. నీటి లోతు పెంచడం ఈ రోజే చేయవచ్చు, ఖర్చు లేదు. బీటింగ్ సరిచేయడం రెండో అడుగు. కానీ బీటర్‌ను గుడ్డిగా రెండు గంటలు పొడిగిస్తే ఇంకో కొత్త సమస్య తెచ్చుకుంటారు, అది కింద చెప్తాను.

నేను చాలా ఏళ్లు కాగితం మిల్లులో వెట్ ఎండ్ (పల్ప్ నుంచి తడి షీటు తయారయ్యే దశ) పని చూశాను. ఇప్పుడు నల్గొండ, పాలమూరు వైపు చిన్న యూనిట్లకు పల్ప్ తయారీలో సాయం చేస్తుంటాను. మీలాంటి ఫిర్యాదు తరచూ వింటాను. దాదాపు ప్రతిచోటా మొదట పటికనే అనుమానిస్తారు.

ముందు అది నిజంగా గుత్తులేనా, చూడండి

షీటులో ఎగుడుదిగుడు మూడు రకాలుగా వస్తుంది. మూడింటికీ మందు వేరు.

ఒక గాజు సీసాలో చిన్న గరిటెడు పల్ప్ వేసి నిండా నీళ్లు పోయండి. బాగా ఊపి కిటికీ ముందు పెట్టి చూడండి. ఊపిన వెంటనే కూడా చిన్న చిన్న ముడులు, దారపు తునకలు కనిపిస్తే అవి బట్ట సరిగా విడిపోని ముక్కలు. ఎన్ని నీళ్లు పోసినా అవి పోవు, పని బీటర్ దగ్గరే ఉంది. ఊపినప్పుడు అంతా సమంగా కనిపించి, ఊపడం ఆపిన క్షణంలోనే దూది తునకల్లా జట్టు కడితే అవి గుత్తులు. మళ్లీ ఊపితే విడిపోతాయి, ఆపితే మళ్లీ కడతాయి. మీరు పంపిన ఫొటోలో మచ్చల అంచులు మెత్తగా ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి ఉన్నాయి. కాబట్టి మీవి గుత్తులే అని నా అంచనా. అయినా సీసా పరీక్ష చేయండి, రెండు నిమిషాల పని.

మూడో రకం వేరు. ఎండిన షీటు నుంచి 10 సెంటీమీటర్ల చదరపు ముక్కలు కోసి తూకం వేయండి. 120 జీఎస్ఎం అయితే ఒక్కో ముక్క 1.2 గ్రాములు ఉండాలి. బంగారం తూచే చిన్న కాటా సరిపోతుంది. ఒక మూల ముక్కలన్నీ బరువుగా, ఎదురు మూలవి తేలికగా వస్తే జాలి ఫ్రేము లెవెల్‌గా లేదు, లేదా ఎత్తేటప్పుడు ఒక పక్కకు వాలుతోంది. దాన్ని గుత్తుల ఖాతాలో వేయకండి. ముక్కలన్నీ దగ్గర దగ్గరగా తూగుతూనే వెలుతురులో మబ్బులు కనిపిస్తే అప్పుడు అది ఫార్మేషన్ లోపం, అంటే కొన్ని మిల్లీమీటర్ల మేరలోనే పీచు ఒకచోట ఎక్కువ, పక్కన తక్కువ పడడం.

ఇది చూపుకు సంబంధించిన లోపం మాత్రమే కాదు. పీచు తక్కువ పడ్డ చోట షీటు బలహీనం, చిరగడం అక్కడే మొదలవుతుంది. ఎక్కువ పడ్డ చోట ఆలస్యంగా ఆరుతుంది, చుట్టూ ఉన్నది ముందే బిగుసుకుంటుంది. షీటు అలలు అలలుగా లేవడానికి అదొక కారణం. షీటును నునుపు చేసే క్యాలెండర్ రోలర్ల మధ్య పెట్టినప్పుడు మందంగా ఉన్న చోట్లే ఒత్తిడంతా పడి అక్కడ నున్నగా, కాస్త నల్లగా మెరుస్తుంది. సిరా పీల్చుకోవడంలో తేడా కూడా అక్కడి నుంచే. ప్రింటింగ్ వాళ్లు వెనక్కి పంపడంలో తప్పు లేదు.

గుత్తి ఎందుకు కడుతుంది

పీచు సన్నం, పొడవు ఎక్కువ. నీళ్లలో అది స్వేచ్ఛగా తిరగాలంటే దాని పొడవంత వెడల్పున్న చోటు కావాలి. కురుమూర్తి జాతరలో బారెడు కర్ర అడ్డంగా పట్టుకుని నడిచేవాడు నలుగురికి తగలకుండా వెళ్లలేడు, జానెడు కర్ర పట్టుకున్నవాడు అదే గుంపులో సాఫీగా వెళ్లిపోతాడు. పల్ప్‌లోనూ అంతే, పీచు సంఖ్య కంటే పొడవుతోనే ఇబ్బంది.

కలిపినప్పుడు పీచులు వంగుతాయి. కలపడం ఆగగానే మళ్లీ నిటారు కావాలని చూస్తాయి. అప్పటికి పక్కన మూడు నాలుగు పీచులు ఆనుకుని ఉంటే నిటారు కాలేక వంగిన స్థితిలోనే ఒకదానికొకటి బిగుసుకుంటాయి. అదే గుత్తి. రసాయనం ఏమీ లేకుండా ఉత్త నీళ్లలోనే ఇది జరుగుతుంది. అందుకే ఇంకా గట్టిగా కలిపితే పోతుందనుకోవడం సగమే నిజం. కలుపుతున్నంతసేపే విడిగా ఉంటాయి.

దీన్ని లెక్కలో పెట్టిన పద్ధతి ఒకటి ఉంది. కెరెకెష్, షెల్ అనే పరిశోధకులు 1992లో ప్రచురించారు, మిల్లుల్లో దాన్ని క్రౌడింగ్ నంబర్ అంటారు. సులభంగా రాస్తే ఇలా:

క్రౌడింగ్ నంబర్ = 5 × పల్ప్ చిక్కదనం (శాతం) × పొడవు × పొడవు ÷ పీచు బరువు

చిక్కదనం అంటే పల్ప్ మొత్తం బరువులో ఎండు పీచు ఎంత శాతమో అది. పొడవు మిల్లీమీటర్లలో, పీచు బరువు అంటే ఒక మీటరు పీచు ఎన్ని మిల్లీగ్రాములో అది. పత్తికి సుమారు 0.17 వేసుకోవచ్చు. ఈ నంబర్ 60 దాటితే ఒక్కో పీచుకు సగటున మూడు చోట్ల పక్కవి తగులుతున్నట్టు, గుత్తులు గట్టిగా బిగుస్తాయి. 16 దగ్గరకు దిగితే పీచులు చాలావరకు స్వేచ్ఛగా కదులుతాయి.

ఇప్పుడు మీ యూనివ్యాట్ లెక్క చూద్దాం. యూనివ్యాట్‌లో ఒక మంచి సౌకర్యం ఉంది: షీటుకు ఎంత పల్ప్ పోయాలో కొలత ప్రకారం పోస్తారు కాబట్టి నీళ్లు ఎన్ని పెట్టినా జీఎస్ఎం మారదు. చిక్కదనం తెలుసుకోవడానికి జీఎస్ఎంను నీటి లోతుతో (సెంటీమీటర్లలో) భాగించి, వచ్చినదాన్ని 100తో భాగించండి. రెండంగుళాలంటే సుమారు 5 సెంటీమీటర్లు. 120ని 5తో భాగిస్తే 24, అంటే 0.24 శాతం.

పీచు సగటు పొడవు 3 మిల్లీమీటర్లు అనుకుంటే క్రౌడింగ్ నంబర్ 63 దాకా వస్తుంది. లోతు నాలుగంగుళాలు చేస్తే సగమై 32. లోతు అలాగే ఉంచి పీచును 2 మిల్లీమీటర్లకు తెస్తే 28. రెండూ చేస్తే 14. పీచు 4 మిల్లీమీటర్లు ఉంటే మాత్రం రెండంగుళాల నీళ్లలో అదే నంబర్ 110 దాటుతుంది. పొడవు రెండుసార్లు గుణకారంలోకి వస్తుంది కాబట్టి తేడా ఇంత పెద్దది. ఇవి ఉజ్జాయింపులే, మీ పీచు కొలిస్తే మీ అంకె తెలుస్తుంది.

కొలవడం కష్టమేమీ కాదు. బాగా పలచన చేసిన పల్ప్ చుక్క నల్ల టైలు మీద వేసి, పక్కన స్కేలు పెట్టి, బట్టల వ్యాపారులు పోగులు లెక్కపెట్టే భూతద్దంతో చూడండి. చూసేటప్పుడు సగటును మాత్రమే నమ్మకండి. ఎక్కువ శాతం 2 మిల్లీమీటర్లే ఉన్నా, మధ్యలో 10, 12 మిల్లీమీటర్ల పీచులు కొన్ని మిగిలితే అవే చుట్టూ ఉన్నవాటిని పోగేసి గుత్తికి మొదలవుతాయి.

నీళ్లు పోశాక చేతి పని

నీళ్లు పెంచిన తర్వాత కూడా మబ్బులు మిగిలితే, కలపడం ఆగినప్పటి నుంచి నీరు దిగేదాకా పట్టే సమయం చూడండి. గుత్తులు తిరిగి కట్టడానికి సెకను కూడా అక్కరలేదు. చాలా యూనిట్లలో చూస్తాను, పనివాళ్లు చేత్తో గుండ్రంగా తిప్పి, నీళ్లు పూర్తిగా నిలకడ అయ్యేదాకా ఆగి, అప్పుడు ఫ్రేము ఎత్తుతారు. రెండూ సరికాదు. గుండ్రంగా తిప్పితే సుడి ఏర్పడి పీచును ఒకచోటికి చేరుస్తుంది. నిలకడ అయ్యేదాకా ఆగితే గుత్తులకు కావలసినంత టైమ్ ఇచ్చినట్టే.

చేతివేళ్లతో, లేదా రంధ్రాలున్న చెక్కతో, పైకీ కిందికీ చిన్న చిన్న కదలికలతో షీటు అంతటా కలపండి. పెద్ద అలలు సర్దుకోగానే, చిన్న కదలిక ఇంకా ఉండగానే ఎత్తండి. ఎత్తడం ఒకే వేగంతో సాగాలి. నాగర్‌కర్నూల్ వైపు ఒక యూనిట్‌లో పల్ప్ ఏమీ మార్చలేదు, ఈ ఒక్క అలవాటే మార్చాం. ఆ రోజు తీసిన షీట్లు ముందు రోజువాటి పక్కన పెట్టి బల్బు ముందు చూస్తే యజమాని నమ్మలేదు, బీటర్‌లో ఏమైనా కలిపారా అని పనివాళ్లను అడిగాడు.

నీరు దిగేటప్పుడు షీటు తనను తాను కొంత సరిచేసుకుంటుంది కూడా. పీచు పలచగా పడ్డ చోట నీరు తొందరగా దిగుతుంది, ఆ నీటితో పాటు విడి పీచు అక్కడికే వచ్చి ఖాళీ నింపుతుంది. కానీ పీచు విడిగా ఉంటేనే ఈ మేలు జరుగుతుంది. ముందే గుత్తి కట్టినది గుత్తిగానే వచ్చి కూర్చుంటుంది.

మిల్లు మెషీన్ మీద చేసేదీ ఇదే, వేగం మాత్రం చాలా ఎక్కువ. పల్ప్‌ను జాలి మీదికి వదిలే హెడ్‌బాక్స్‌లో రంధ్రాల రోలర్లు, సన్నని గొట్టాలు పెట్టి పల్ప్‌ను చివరి క్షణం దాకా అలజడిలో ఉంచుతారు. వైరు (కదిలే జాలి) వేగానికి, దాని మీద పడే పల్ప్ వేగానికి మధ్య చిన్న తేడా ఉంచుతారు, ఆ రాపిడికి గుత్తులు విడిపోతాయి. నెమ్మది మెషీన్లలో వైరును పక్కలకు ఊపే షేక్ ఏర్పాటు ఉంటుంది.

బీటర్ సంగతి

బట్టలోని పత్తి పీచు అసలు పొడవు 25 నుంచి 30 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. దాన్ని రెండు మూడు మిల్లీమీటర్లకు తేవడం బీటర్ పని. పోలిక కోసం, వెదురు పీచు సగటున రెండున్నర, మూడు మిల్లీమీటర్లు, యూకలిప్టస్ ఒక మిల్లీమీటరు లోపే. యూకలిప్టస్‌తో చేసే రాత కాగితం వెలుతురులో అంత సమంగా కనిపించడానికి పెద్ద కారణం ఆ చిన్న పొడవే.

అయితే బీటర్‌లో రెండు పనులు కలిసి జరుగుతాయి: పీచు తెగడం, పీచు నలగడం. రోలు (కత్తులు బిగించిన తిరిగే రోలర్) కిందికి దించి, కత్తులు పదునుగా ఉంటే తెగడం ఎక్కువ. రోలు పైకి ఉంచి ఎక్కువసేపు తిప్పితే నలగడం ఎక్కువ. నలిగిన పల్ప్ నీటిని పట్టుకుంటుంది, జాలి మీద నీరు దిగదు, షీటు ఆరేటప్పుడు ముడుచుకుంటుంది, పెళుసుగా తయారవుతుంది. అందుకే "ఇంకో రెండు గంటలు" అన్నది జవాబు కాదు. ముందు బట్టను రెండు మూడు సెంటీమీటర్ల ముక్కలుగా కోయించండి. మొదట రోలు ఎత్తి ఉంచి బట్ట విడిపోనివ్వండి. తర్వాత కొంచెం కొంచెంగా దించండి. గంటకోసారి నల్ల టైలు మీద పీచు చూడండి. కావలసిన పొడవు రాగానే ఆపేయండి, గడియారం చూసి కాదు.

కత్తులు మొద్దుబారితే ఎన్ని గంటలు తిప్పినా పొడవు తగ్గదు, నలగడమే మిగులుతుంది. షీటు మబ్బుగానూ ఉండి, నీరు దిగడం కూడా ఆలస్యమవుతుంటే నేను మొదట చూసేది కత్తులనే.

ముడి సరుకు గురించి ఒక మాట. పోచంపల్లి, గద్వాల వైపు నుంచి వచ్చే మగ్గం కటింగ్స్‌లో పట్టు, జరీ కలిసి ఉంటాయి. టైలర్ల దగ్గర కొన్నవాటిలో పాలిస్టర్ ఉంటుంది. పాలిస్టర్ బీటర్‌లో నలగదు, నీటితో కలవదు, పొడవుగా అలాగే మిగిలి పత్తిని తన చుట్టూ పోగేసుకుంటుంది. అనుమానం ఉన్న దారాన్ని కాల్చి చూడండి. పత్తి బూడిద అవుతుంది, పాలిస్టర్ కరిగి గట్టి పూసలా మిగులుతుంది. ఏరి పారేయడం తప్ప దీనికి వేరే మందు లేదు.

పటిక మీద అనుమానం ఎందుకు వస్తుంది

మన వైపు పటిక వేస్తే నీళ్లలో తునకలు కట్టి అడుక్కి దిగడం చాలామంది చూశారు. ఫ్లోరైడ్ తీయడానికి నాగపూర్‌లోని నీరి సంస్థ రూపొందించిన నల్గొండ టెక్నిక్ అదే: పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ వేసి, ముందు వేగంగా, తర్వాత నెమ్మదిగా కలిపి తునకలు కట్టించి తేర్చడం. అది చూసిన కన్నుకు పల్ప్‌లో గుత్తులు కనిపించగానే పటికే గుర్తొస్తుంది. కానీ అక్కడ పటిక పోగుచేసేది కంటికి కనిపించని కణాలను. మిల్లీమీటర్ల పొడవున్న పీచును గుత్తి కట్టించేది ప్రధానంగా ఇరుకు. పటిక ప్రభావం పల్ప్‌లోని సన్నని పొడి మీద, చైనా క్లే (తెల్ల మట్టి పొడి) మీద, సిరా పాకకుండా వేసే రోజిన్ మీద ఎక్కువ.

తేల్చుకోవడం సులువు. ఒకే బీటర్ పల్ప్‌తో పటిక, రోజిన్ లేకుండా నాలుగు షీట్లు తీయండి, మామూలుగా నాలుగు తీయండి. రెండూ ఒకేలా మబ్బుగా ఉంటే పటిక తప్పు లేదు.

అయినా మన బోరు నీళ్ల వల్ల పటిక కొంత ఇబ్బంది పెడుతుంది. చాలా గ్రామాల్లో నీటికి క్షారం ఎక్కువ. రోజిన్ సైజింగ్‌కు (సిరా పాకకుండా చేయడానికి) కావలసిన 4.5 నుంచి 5.5 పీహెచ్ రావాలంటే పటిక చాలా పోయాల్సి వస్తుంది. ఆ క్షారంతో పటిక కలిసినప్పుడు కార్బన్ డయాక్సైడ్ బుడగలు పుడతాయి. నురుగు, సూదిబెజ్జాలు దానివల్ల వస్తాయి. వీటిని కూడా కొందరు గుత్తుల లెక్కలో వేస్తారు. పటికను నీళ్లలో కరిగించి, రోజిన్ బాగా కలిసిన తర్వాత, చెస్ట్‌లోనే (పల్ప్ నిల్వ ఉంచే తొట్టిలోనే) నెమ్మదిగా పోయండి. యూనివ్యాట్‌లో నేరుగా వేయకండి. బుడగలు పోవడానికి కొంతసేపు వదలండి. పీహెచ్ కాగితం ముక్క ఎప్పుడూ దగ్గర ఉండాలి. పాలీ అక్రిలమైడ్ లాంటి రిటెన్షన్ మందు (సన్నని పొడి జాలిలోంచి పోకుండా పట్టి ఉంచేది) ఏదైనా వాడుతుంటే మాత్రం అది పీచును కూడా గుత్తి కట్టిస్తుంది, మోతాదు తగ్గించి చూడండి.

జిగురు సాయం

పొడవు పీచును తెంచకుండానే సమమైన షీటు తీయడం జపాన్ వాళ్లకు తెలుసు. బెండకు దగ్గరి జాతి మొక్క వేరు నుంచి తీసిన బంకను వ్యాట్‌లో కలుపుతారు. నీరు చిక్కబడి పీచు కదలిక నెమ్మదిస్తుంది, గుత్తి కట్టేలోగా షీటు తయారవుతుంది. మన బెండ కాడలు, ముదురు కాయలు దంచి రాత్రంతా నానబెట్టి వడకట్టినా ఆ బంక వస్తుంది. అయితే ఎండకు త్వరగా పలచబడిపోతుంది, పాలమూరు ఏప్రిల్‌లో ఉదయం చేసినది మధ్యాహ్నానికే పని చేయకపోవచ్చు. గోరుచిక్కుడు గింజల నుంచి వచ్చే గ్వార్ గమ్ మార్కెట్లో పొడిగా దొరుకుతుంది, కాగితం బలానికి కూడా పనికొస్తుంది. నేను దాన్నే ఎక్కువగా సూచిస్తాను. కొంచెంతో మొదలుపెట్టండి. ఎక్కువైతే నీరు దిగడం ఆలస్యమై, షీటు ఫెల్టు (తడి షీటు దించే మందపు గుడ్డ) నుంచి ఊడి రాదు.

మిర్యాలగూడ వైపు వరిగడ్డికి కొదవ లేదు. ఉడికించిన గడ్డి పల్ప్ పీచు చాలా చిన్నది, పత్తిలో కొంత కలిపితే ఖాళీలు నిండి షీటు వెలుతురులో సమంగా కనిపిస్తుంది. కానీ మడత పెట్టే కార్డుకు బలం తగ్గుతుంది, నీరు దిగడం కూడా నెమ్మదిస్తుంది. కార్డు మడత దగ్గర పగలకూడదు కాబట్టి మీకు ఇది నా మొదటి సలహా కాదు.

మీకు పనికొచ్చే ఇంకో దారి, 60 జీఎస్ఎం షీట్లు రెండు తడిగా ఉన్నప్పుడే ఒకదానిమీద ఒకటి వేసి నొక్కడం. ఒకదాని పలచని చోటు మీద రెండోదాని మందం పడే అవకాశం ఉంటుంది, మబ్బులు బాగా తగ్గుతాయి. పైగా 60 జీఎస్ఎంకు అదే లోతు నీళ్లలో చిక్కదనం సగమే. చేతి పని రెట్టింపు అవుతుంది, ఖరీదైన ఆర్డర్లకు మాత్రమే గిట్టుబాటు.

నీటి లోతు పెంచమన్నాను కదా, బోరు నీళ్లు అంత ఎక్కడివి అంటారు. షీటు కింద దిగిన నీటిని ట్యాంకులో పట్టి మళ్లీ వాడండి, కొత్త నీళ్లు తరుగు వరకే పోస్తే చాలు. ఆ నీళ్లలో సన్నని పొడి, పటిక పేరుకుంటూ పోతాయి. నీరు పాలలా తెల్లబడి, జాలి మీద దిగడం నెమ్మదించినప్పుడు తేర్చి, అడుగు మడ్డి తీసేసి, పై నీటిని వాడుకోండి. పీహెచ్ మళ్లీ చూసి అప్పుడు మాత్రమే పటిక వేయండి, ఎందుకంటే పాత నీళ్లలో అది అప్పటికే కొంత ఉంటుంది.